భర్త బలవంతం చేస్తే చట్టం ఏం చేస్తుంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

2024 జూలై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన దానికి పాత సెక్షన్లు, తర్వాత జరిగిన దానికి కొత్తవి. కింద న్యాయ సంహిత, సురక్షా సంహిత అన్నప్పుడు ఈ రెండు కొత్త చట్టాలే.

భర్త మీద రేప్ కేసు కడతారా?

భార్యకు 18 ఏళ్లు నిండి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తుంటే కట్టరు. న్యాయ సంహిత 63వ సెక్షన్ అత్యాచారం అంటే ఏమిటో చెప్పి, చివర రెండో మినహాయింపులో భర్తను తప్పించింది. సంభోగమే కాదు, ఆ సెక్షన్లో చెప్పిన ఇతర లైంగిక చర్యలన్నీ ఆ మినహాయింపు కిందికే వస్తాయి. "మొగుడూపెళ్లాల మధ్య రేప్ ఏందమ్మా" అని స్టేషన్లో అనే మాటకు ఆధారం ఇదే. ఆ మాటలో నిజం సగమే. మినహాయింపు రేప్ అనే ఒక్క నేరానికి మాత్రమే. కొట్టడం, కాల్చడం, గదిలో పెట్టి గడియ వేయడం, బెదిరించడం, వీడియో తీయడం, ఆరోగ్యం చెడేలా హింసించడం వేటికీ మినహాయింపు లేదు. మీ కేసు ఏ సెక్షన్ కిందికి వస్తుందో నాలుగు విషయాలను బట్టి తేలుతుంది: మీ వయసు, కలిసి ఉంటున్నారా విడిగానా, పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా, బలవంతంతో పాటు ఇంకేం జరిగింది.

మరి కలిసి ఉంటున్నప్పుడు ఏ సెక్షన్ పెట్టించాలి?

మొదటిది న్యాయ సంహిత 85వ సెక్షన్. పాత 498ఏ ఇదే. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కు కాదు, కోర్టు ఇవ్వాలి). "కట్నం అడగలేదు కదా, 498ఏ ఎట్లా వస్తుంది" అని లాయర్ల దగ్గరే అడిగేవాళ్లున్నారు. క్రూరత్వం అంటే ఏమిటో 86వ సెక్షన్ రెండు భాగాలుగా చెప్పింది. కట్నం కోసం వేధించడం రెండో భాగం. మొదటి భాగానికి కట్నంతో పనే లేదు: ఆత్మహత్యకు పురిగొల్పేలా గానీ, ప్రాణానికి, అవయవాలకు, శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలిగేలా గానీ కావాలని ప్రవర్తిస్తే చాలు. పదే పదే బలవంతం చేయడం, కాన్పయిన పచ్చి ఒంటితో ఉన్నా వదలకపోవడం, జబ్బు అంటించడం ఇందులోకి వస్తాయి. అయితే హాని ఏమిటో ఫిర్యాదులో కనపడాలి. "నన్ను హింసిస్తున్నాడు" అన్న ఒక్క వాక్యంతో ఈ సెక్షన్ కోర్టులో నిలబడదు.

దానికి తోడు గాయాల సెక్షన్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు దెబ్బలకు పెట్టే 115(2) ఒక్కటే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే "ఇది మా చేతుల్లో లేదు" అంటారు. సిగరెట్‌తో, అట్లకాడతో కాల్చినా, కత్తి లాంటిది వాడినా 118. ఎముక విరిగితే, పన్ను ఊడితే 117. ఈ రెండింటికీ, 85కీ నేరుగా కేసు కట్టొచ్చు. కాలిన మచ్చను "చిన్న గాయం" అని రాయించుకోవద్దు. దేనితో కాల్చాడో రాయించండి.

విడిగా ఉంటున్నాం. పుట్టింటికి వచ్చి బలవంతం చేశాడు. అప్పుడు?

అప్పుడు నేరమే. న్యాయ సంహిత 67వ సెక్షన్. కోర్టు డిక్రీతో విడిపోయినా, ఏ కాగితమూ లేకుండా విడిగా ఉంటున్నా, ఇష్టం లేకుండా కలిస్తే రెండేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా. ఇదే పని పరాయివాడు చేస్తే కనీసం పదేళ్లు. తేడా ఎందుకంటే చట్టం అలా రాసి ఉంది, అంతే.

ఈ సెక్షన్లో ముందే తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఇది బెయిలబుల్. అరెస్టు చేసినా బెయిలు అతని హక్కు, ఆ రోజే బయటికి వస్తాడు. కాబట్టి ఇల్లు దూకి వచ్చాడా, కొట్టాడా, చంపుతానన్నాడా అన్నవి కూడా ఫిర్యాదులో ఉండాలి. వాటి సెక్షన్లు వేరు. రెండోది, సురక్షా సంహిత 221 ప్రకారం భార్య స్వయంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దీన్ని విచారణకు తీసుకుంటుంది. నాన్న, అన్న పెట్టిన కాగితం సరిపోదు. 85కి అయితే రక్తసంబంధీకులు పెట్టినా చెల్లుతుంది.

విడిగా ఉంటున్నామని చూపే బాధ్యత మీ మీద పడుతుంది. అద్దె అగ్రిమెంటు, పిల్లల స్కూలు మారిన టీసీ, మెయింటెనెన్స్ పిటిషన్ కాపీ, పెద్దమనుషుల దగ్గర రాసుకున్న కాగితం, గ్యాస్ కనెక్షన్ చిరునామా, ఏదైనా పనికొస్తుంది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన భర్త విషయంలో మాత్రం జాగ్రత్త. ఉద్యోగం కోసం దూరంగా ఉండటం విడిపోయినట్టు కాదని అవతలి లాయరు వాదిస్తాడు. గొడవలవల్లే కాపురం ఆగిందని చూపగలిగితేనే 67 మీద పట్టు ఉంటుంది.

డీవీసీ కేసు అంటే ఏమిటి? దాంట్లో ఈ విషయం చెప్పొచ్చా?

చెప్పొచ్చు. నిజానికి బలవంతపు సంభోగాన్ని ఆ మాటతోనే రాసుకున్న కాగితం ఇదొక్కటే. డీవీసీ అంటే 2005 గృహహింస చట్టం కింద వేసే కేసు. ఆ చట్టం కింద రక్షణ అధికారి నింపే ఫారం 1లో లైంగిక హింస అనే గడి ఉంటుంది. బలవంతపు సంభోగం, బూతు బొమ్మలు చూడమని బలవంతపెట్టడం, ఇతరుల వినోదానికి వాడుకోవడం, కించపరిచే మరే లైంగిక చర్య అయినా అని అందులో అచ్చులోనే ఉంది. ఆ గడిని ఖాళీగా వదిలేసి "కొట్టాడు, తిట్టాడు" దగ్గర ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. సిగ్గుపడి వదిలేస్తే, తర్వాత చెప్పినప్పుడు "అప్పుడు ఎందుకు రాయలేదు" అన్న ప్రశ్న తప్పదు.

దీనికి కోర్టు ఫీజు లేదు. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయం ద్వారా గానీ, నేరుగా ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో 12వ సెక్షన్ పిటిషన్ వేసి గానీ వెళ్లొచ్చు. దగ్గరికి రాకూడదని రక్షణ ఉత్తర్వు (18), అదే ఇంట్లో ఉండే హక్కు, అవసరమైతే భర్తనే ఇంట్లోంచి పంపడం (19), డబ్బు (20), పిల్లల తాత్కాలిక కస్టడీ (21), పరిహారం (22), అన్నీ ఒకే పిటిషన్లో అడగండి. చట్టం 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించమంది గానీ అమల్లో చాలా ఆలస్యమవుతుంది. అందుకని మొదటి రోజే 23వ సెక్షన్ కింద అఫిడవిట్‌తో మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అతను రాకముందే ఇవ్వొచ్చు. ఈ ఒక్క పని చేయక నెలల తరబడి వాయిదాల చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ.

ఉత్తర్వు వచ్చాక దాన్ని మీరితే అది నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అరెస్టు చేయొచ్చు, నాన్‌బెయిలబుల్. అంటే బలవంతం చేయకూడదని మేజిస్ట్రేట్ రాసిచ్చాక మళ్లీ చేస్తే, కలిసి ఉంటున్న భర్తకు కూడా జైలు దారి తెరుచుకుంటుంది. మినహాయింపును సగం దాటించే దారి ఇదే. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ ఇంట్లో ఒకటి, స్టేషన్లో ఒకటి ఉండాలి.

ఫిర్యాదు ఎలా రాయాలి?

సొంత మాటల్లో. స్టేషన్ రైటరు భాషలో కాదు. "నా భర్త శారీరకంగా, మానసికంగా చిత్రహింసలు పెడుతున్నాడు" అనే వాక్యం ప్రతి కాగితంలోనూ ఉంటుంది, దానికి విలువ లేదు. పనికొచ్చేవి: తేదీ (గుర్తు లేకపోతే పండగ, జీతం రోజు, పిల్లవాడి పరీక్ష లాంటి గుర్తు), ఎక్కడ, మీరు ఏమని వద్దన్నారు, అతను ఏం చేశాడు, ఎక్కడ గాయమైంది, ఆ తర్వాత ముందుగా ఎవరికి చెప్పారు. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. మరుసటి ఉదయం అక్కకు ఫోన్లో ఏడుస్తూ చెప్పి ఉంటే, అక్క సాక్షి.

మూడు నాలుగు ఘటనలు వివరంగా రాస్తే చాలు. అత్త, మామ, ఆడపడుచు, హైదరాబాదులో ఉండే మరిది అందరి పేర్లూ కలిపేయొద్దు. ఒక్కొక్కరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తాన్ని ఇరికిస్తే కేసు కొట్టేస్తామని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 10న దారా లక్ష్మీనారాయణ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం తీర్పులో గట్టిగా చెప్పింది. అక్కర్లేని పేర్లు అసలు దోషికి మేలు చేస్తాయి.

అత్తే గదిలోకి తోసి గడియ పెట్టింది. ఆమె మీద పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 85 భర్త బంధువులకూ వర్తిస్తుంది, నిర్బంధానికి 127 ఉంది. గృహహింస చట్టం కింద ఆడవాళ్ల మీద కూడా ఉత్తర్వు అడగొచ్చని 2016లో హీరాల్ హర్సోరా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటి నుంచి బయటికి పంపే ఉత్తర్వు మాత్రం స్త్రీల మీద ఇవ్వరు. బలవంతం చేసింది మామ, బావ, మరిది అయితే మినహాయింపు మాటే లేదు. అది బంధువు చేసిన అత్యాచారం, 64(2), కనీసం పదేళ్లు.

కాపురం బెంగళూరులో, పుట్టిల్లు కావలిలో. కేసు ఎక్కడ?

కావలిలోనే. వేధింపు తట్టుకోలేక వచ్చి తలదాచుకున్న చోట 498ఏ కేసు పెట్టొచ్చని 2019 ఏప్రిల్ 9న రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస పిటిషన్ కూడా 27వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా ఉంటున్న చోట వేయొచ్చు. "అది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా కట్టేది) కట్టి పంపమనండి. సురక్షా సంహిత 173లో అది రాసి ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

స్టేషన్లో కాగితం తీసుకోకుండా కౌన్సెలింగ్‌కు రమ్మంటున్నారు.

85 లాంటి కేసుల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసే వీలు చట్టంలోనే ఉంది. కాబట్టి పిలవడమే తప్పు కాదు. రశీదు లేకుండా పిలవడం తప్పు. కాగితం ఇచ్చిన రోజే రశీదు అడగండి. కౌన్సెలింగ్‌లో "ఇకపై సర్దుకుపోతాను" అని సంతకం పెట్టే ముందు అందులో లైంగిక హింస ప్రస్తావన ఉందో లేదో చదవండి. అది లేని రాజీ కాగితం తర్వాత మీకే ఎదురు తిరుగుతుంది.

67 లాంటి నేరాలకు వాంగ్మూలం మహిళా అధికారి రాయాలి. అయినా కట్టకపోతే ఒంగోలులోనో నెల్లూరులోనో ఉన్న ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకోండి. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు. ఆ తర్వాతే మేజిస్ట్రేట్ దగ్గరకు సురక్షా సంహిత 175(3) కింద వెళ్లాలి. ఎస్పీ మెట్టు దాటకుండా వెళ్తే పిటిషన్ వెనక్కి వస్తుంది. ఎఫ్‌ఐఆర్ కట్టగానే అరెస్టు చేస్తారని అనుకోకండి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో ముందు అదే సంహిత 35(3) కింద, విచారణకు రమ్మని నోటీసు ఇస్తారు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు నుంచి ఇదే పద్ధతి.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి? ఏం చేస్తారు?

వీలైనంత త్వరగా. శాంపిళ్లకు 96 గంటలు, అంటే నాలుగు రోజుల వరకు అర్థం ఉంటుంది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర 72 గంటల్లోపు బాగా పనిచేస్తుంది, ఐదో రోజు వరకు కొంత ఉపయోగం. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, 28 రోజులు మానకుండా వాడాలి. స్నానం చేసేసినా వెళ్లండి. బట్టలు ఉతక్కుండా, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌లో తేమ పట్టి నమూనా పాడవుతుంది.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గాయాలను మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు, కోర్టుకు పనికొచ్చే రికార్డుగా) నమోదు చేయించండి. "ఎలా తగిలింది" అని డాక్టరు అడిగినప్పుడు పక్కన అత్త ఉందని "జారిపడ్డాను" అంటే ఆ మాటే రికార్డులో పడుతుంది. తోడు వచ్చినవాళ్లను బయట ఉండమని మీరు అడగొచ్చు. రెండు వేళ్ల పరీక్ష (యోనిలో వేళ్లు పెట్టి చూసే పాత పద్ధతి) చేయకూడదు. అలా చేసే డాక్టరు దుష్ప్రవర్తన కింద దోషి అవుతారని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. చికిత్స మాత్రమే కావాలని, పరీక్ష వద్దని చెప్పే హక్కు మీకుంది.

ఇష్టం లేని గర్భం. తీయించుకోవడానికి భర్త సంతకం కావాలా?

అక్కర్లేదు. 18 నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. 20 వారాల వరకు ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల వరకు కొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం. ఆ వర్గాల్లో అత్యాచార బాధితులు ఉన్నారు. గర్భస్రావ చట్టం వరకు భర్త చేసిన అత్యాచారం కూడా అత్యాచారమేనని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్‌ఐఆర్ చూపమని అడగడానికి వీల్లేదు. శిక్షాస్మృతి ఒప్పుకోని మాటను వైద్య చట్టం ఒప్పుకోవడం వింతే గానీ, మీకు పనికొచ్చే వింత.

పెళ్లినాటికి అమ్మాయికి 17. ఇష్టపడే వెళ్లింది.

ఇష్టం లెక్కలోకి రాదు. 18 లోపు భార్య అయినా అత్యాచారమే. 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఇండిపెండెంట్ థాట్ తీర్పుతో మినహాయింపులోని 15 ఏళ్ల హద్దు 18కి మారింది, కొత్త సంహిత 18 అనే రాసుకుంది. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కూడా పడుతుంది. పెళ్లి చేసిన పెద్దలకు బాల్యవివాహ నిషేధ చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కాన్పుకు తీసుకెళ్తే ఆసుపత్రి పోలీసులకు చెప్పి తీరాలి. భయపడి ఇంట్లో పురుడు పోయకండి, ప్రాణం ముందు.

ఆధార్‌లో ఏడాది పెంచి పెళ్లి చేశాం అంటే నిలవదు. వయసు తేల్చేటప్పుడు ముందు స్కూలు రికార్డు లేదా పదో తరగతి మార్కుల మెమో, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఇలాంటి పెళ్లి వద్దనుకున్న అమ్మాయి మైనారిటీ తీరిన రెండేళ్లలోపు, అంటే 20 నిండేలోపు, రద్దు కోరొచ్చు. చైల్డ్‌లైన్ ఫోన్ 1098.

అతనికి అప్పటికే భార్య ఉందని తర్వాత తెలిసింది.

హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదు, కాబట్టి అతను చట్టం దృష్టిలో భర్త కాడు, మినహాయింపు అతనికి దొరకదు. భర్తనని నమ్మించి పొందిన సమ్మతి సమ్మతి కాదని 63వ సెక్షనే చెబుతోంది. మొదటి పెళ్లి ఆధారం, అంటే ఫొటో, రేషన్ కార్డు, పిల్లల స్కూలు రికార్డు, దొరికిన వెంటనే కాపీ తీసి పెట్టుకోండి.

ప్రకృతి విరుద్ధంగా చేస్తే 377 ఉంది కదా?

ఉండేది. న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేదు. 2024 జూలైకి ముందు జరిగిన వాటికి పెట్టినా, భార్యాభర్తల మధ్య అది వర్తించదని మధ్యప్రదేశ్ హైకోర్టు తీర్పులున్నాయి. ఇప్పుడు అలాంటి దాన్ని 85, గాయాల సెక్షన్లు, గృహహింస చట్టం కిందే తేవాలి. ఫోన్లో వీడియో తీసి బెదిరిస్తే ఐటీ చట్టం 66ఈ. పంపిస్తే అదే ఐటీ చట్టం 67ఏ, మొదటిసారికే ఐదేళ్ల వరకు.

అతని ఫోన్ మాటలు రికార్డు చేశాను. చెల్లుతుందా?

విడాకుల కేసులో భార్యాభర్తల రహస్య రికార్డింగు సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలై 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరి మీద ఒకరు చేసిన నేరం విచారణలో దాంపత్య రహస్యం అనే అడ్డు ఎలాగూ లేదు. కానీ భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే ఫైలు పక్కన పడేస్తారు. దానికి రెండు భాగాలు: ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేస్తారు, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. రికార్డు చేసిన అసలు ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ అసలు కాదు.

కాపురానికి రమ్మని కోర్టు నోటీసు పంపాడు. వెళ్లకపోతే లాక్కెళ్తారా?

లేదు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ డిక్రీ వచ్చినా ఆస్తి జప్తు చేయగలరు గానీ మనిషిని పంపలేరు. 1983లో టి. సరీత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్‌నే కొట్టేశారు, స్త్రీ శరీరం మీద రాజ్యానికి పెత్తనం లేదని. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. తెలుగు నేల మీద వచ్చిన ఆ తీర్పు ఇప్పుడు చట్టం కాకపోయినా చదవదగ్గది. నోటీసుకు జవాబు మాత్రం తప్పకుండా వేయండి, బలవంతం గురించి అందులో రాయండి. డిక్రీ వచ్చినా సరైన కారణం చూపితే మెయింటెనెన్స్ పోదని 2025 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం మారబోతోందా?

2013లో జస్టిస్ వర్మ కమిటీ మినహాయింపు తీసేయమంది, పార్లమెంటు తీయలేదు. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ శక్‌ధర్ అది రాజ్యాంగ విరుద్ధమన్నారు, జస్టిస్ సి. హరిశంకర్ కాదన్నారు. సుప్రీంకోర్టులో 2024 అక్టోబరులో వాదనలు మొదలై, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ పదవీ విరమణ దగ్గరపడటంతో వాయిదా పడ్డాయి. మినహాయింపు ఉండాలనే కేంద్రం అఫిడవిట్ వేసింది. తీర్పు వచ్చాక పెడదామని ఆగొద్దు: 85కి కాలపరిమితి మూడేళ్లు.

పేరు బయటికి వస్తుందా? ఖర్చు ఎంత?

67 కేసులో బాధితురాలి పేరు అచ్చువేస్తే రెండేళ్ల వరకు జైలు, విచారణ మూసిన తలుపుల వెనక. 85 కేసుకు ఆ రక్షణ దానంతటది రాదు. గృహహింస పిటిషన్‌ను కూడా అలా మూసిన తలుపుల వెనక (ఇన్‌కెమెరా) జరపమని 16వ సెక్షన్ కింద అడగాలి.

లాయరు ఫీజుకు గాజులు తాకట్టు పెట్టే ముందు నెల్లూరు, ఒంగోలు కోర్టు ఆవరణల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ 15100. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే 112 లేదా 181. హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, పిల్లలతో సహా; మగపిల్లలకు మాత్రం వయసు హద్దు ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఆధార్, పెళ్లి ఫొటో, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం, పాత ఆసుపత్రి చీటీలు తీసుకోండి. మిగతా సామాను తర్వాత మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో తెచ్చుకోవచ్చు.